ఇంటి డక్టుల క్లీనింగ్, శానిటైజింగ్: ఏ వరుసలో చేయించాలి, ఎక్కడ జాగ్రత్తపడాలి

అమెరికాలో సెంట్రల్ ఏసీ ఉన్న ఇళ్లలో ఉండే మనవాళ్లు పదే పదే అడిగే ప్రశ్న ఇది. వెంట్ల చుట్టూ దుమ్ము పేరుకుంటోంది, పొద్దున లేవగానే పిల్లలకు తుమ్ములు, ఏసీ వేయగానే ముక్కిపోయిన వాసన. డక్టులు (ఏసీ గాలిని గదులకు చేర్చే, తిరిగి తెచ్చే గొట్టాలు) శానిటైజ్ చేయిస్తే, అంటే లోపల సూక్ష్మజీవులను చంపే మందు కొట్టిస్తే, ఇవన్నీ పోతాయా?

కొన్ని ఇళ్లలో పోతాయి. చాలా ఇళ్లలో పోవు. కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే, పని వరుస తప్పడం. తడి, లీకులు, ఫిల్టర్ సంగతి ముందు చూడాలి. తర్వాత దుమ్మును బయటికి లాగేయాలి. శానిటైజర్ అన్నిటికన్నా చివర, అదీ అవసరం ఉంటేనే. మెయిల్‌బాక్సులో పడే కూపన్లు ఈ వరుసను తిరగేసి, మందు కొట్టడాన్నే ముందు పెట్టి అమ్ముతాయి.

ఇది డక్టులున్న ఇళ్లకు మాత్రమే. ఇండియాలో స్ప్లిట్ ఏసీలున్న ఇంట్లో డక్టులే ఉండవు కాబట్టి ఈ పనితో సంబంధం లేదు. అద్దె అపార్ట్‌మెంటులో ఉంటే డక్టులు యజమాని బాధ్యత. మీరు చూసిందంతా ఫొటోలు తీసి రాతపూర్వకంగా వాళ్లకు పంపండి, సొంత డబ్బుతో చేయించకండి.

## 1. ముందు తేల్చుకోండి: మీ ఇంటికి అవసరమా?

అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ మాట స్పష్టంగా ఉంది. డక్ట్ క్లీనింగ్ ఏటా అలవాటుగా చేయించాల్సిన పని కాదు, అవసరం కనిపించినప్పుడే చేయించాలి. దానివల్ల జబ్బులు రాకుండా ఆగుతాయని రుజువు కాలేదని కూడా ఈపీఏ చెబుతుంది. అందుకే “మీ బాబు ఆస్తమా తగ్గిపోతుంది” అని ఎవరైనా ఫోన్‌లో హామీ ఇస్తే ఆ సంభాషణ అక్కడితో ముగించండి. ఆస్తమా, అలర్జీ సంగతి డాక్టరుతోనే మాట్లాడాలి.

ఈపీఏ ఒప్పుకునే కారణాలు మూడు:

- డక్టుల లోపలో, ఏసీ యూనిట్ భాగాల మీదో కంటికి కనిపించేంత బూజు (మోల్డ్) ఉండటం
- ఎలుకలు, పురుగులు చేరి ఉండటం
- దుమ్ము, చెత్త విపరీతంగా పేరుకుని గాలికి అడ్డుపడటం, లేదా జాలీల్లోంచి ఇంట్లోకి రాలడం

వీటికి నేను ఇంకొకటి కలుపుతాను: కొత్తగా కట్టిన ఇల్లు. టెక్సస్‌లో డాలస్ దగ్గరి ఫ్రిస్కో, ప్రాస్పర్ వైపు మనవాళ్లు కొనేవి ఎక్కువగా కొత్త ఇళ్లే. గోడల డ్రైవాల్ రుద్దేటప్పుడు వెంట్లు మూయకపోతే తెల్లటి పొడి అంతా లోపలికి దిగుతుంది. రంపపు పొట్టు, మేకులు కూడా దొరుకుతాయి. చాలామంది బిల్డర్లు పనితనానికి మొదటి ఏడాది వారంటీ ఇస్తారు. అది దాటకముందే వెంట్లు విప్పి చూసి, పొడి ఉంటే క్లీనింగ్ చేయించమని బిల్డర్‌ను ఈమెయిల్‌లో అడగండి. ఇల్లు రీమోడల్ చేయించినవాళ్లకూ, కాలిఫోర్నియాలో కార్చిచ్చు పొగ మసి ఇంట్లోకి చేరినవాళ్లకూ ఇదే వర్తిస్తుంది.

ఇంట్లోని గాలిని యూనిట్‌కు తిరిగి లాగే రిటర్న్ జాలీ మీద బూడిదరంగు దుమ్ము మాత్రం కారణం కాదు. గాలి లోపలికి వెళ్లే చోట దుమ్ము ఆగడం మామూలే, వ్యాక్యూమ్ క్లీనర్‌తో తీసేస్తే చాలు.

## 2. టార్చి పట్టుకుని మీరే చూడండి

కంపెనీకి ఫోన్ చేయకముందే ఈ పని చేయాలి. వాళ్లు ట్యాబ్‌లో చూపించే భయంకరమైన ఫొటో మీ ఇంటిదో కాదో తేలాలంటే మీ దగ్గర మీరు తీసినవి ఉండాలి.

కావలసినవి: టార్చి, స్క్రూడ్రైవర్, ఫోన్, టిష్యూ పేపర్, గాలిలో తేమ చూపించే చిన్న మీటర్.

సప్లై జాలీలు. థర్మోస్టాట్‌లో సిస్టమ్ ఆపండి. చల్లగాలి వచ్చే జాలీలు కనీసం మూడు చోట్ల విప్పండి: వంటింటికి దగ్గర, ఒక పడకగదిలో, యూనిట్‌కు బాగా దూరంగా ఉన్న గదిలో. ఫ్లాష్ వేసి ఫోన్‌ను లోపలికి పెట్టి వీడియో తీయండి. పలచని దుమ్ము పొర ఉంటే పట్టించుకోకండి. గడ్డలు కట్టిన దుమ్ము, ఎలుక పెంటికలు, నల్లటి లేదా ఆకుపచ్చ మచ్చలు కనిపిస్తే ఏ గది జాలీయో రాసుకోండి.

రిటర్న్, ఫిల్టర్. ఫిల్టర్ తీసి దాని ఫ్రేమ్ చుట్టూ చూడండి. అంచుల వెంట దుమ్ము చారలుంటే గాలి ఫిల్టర్‌లోంచి కాకుండా పక్కసందుల్లోంచి దూరుతోందని అర్థం. డక్టులు తొందరగా మురికి కావడానికి నేను చూసినంతలో ఇదే పెద్ద కారణం.

ఎయిర్ హ్యాండ్లర్ లేదా ఫర్నేస్ (డక్టుల్లోకి గాలిని తోసే యూనిట్). ముందు కరెంటు స్విచ్ ఆపాలి. గాలిని చల్లబరిచే కాయిల్ కింద, దాని నీళ్లు పట్టే డ్రెయిన్ పాన్‌లో నీళ్లు నిలిచాయా, జిగురు పట్టిందా చూడండి. ప్యానెల్ విప్పడం అలవాటు లేకపోతే ఏసీ టెక్నీషియన్ మామూలు సర్వీసుకు వచ్చినప్పుడు పక్కన నిలబడి చూపించమనండి.

అటిక్ (ఇంటి పైకప్పు కింది ఖాళీ చోటు). ఎండాకాలమైతే తెల్లవారుజామునే ఎక్కండి, చెక్క దూలాల మీదే కాళ్లు పెట్టండి. డక్టు అతుకుల దగ్గర ఇన్సులేషన్ నల్లబడి ఉంటే అక్కడ గాలి లీకవుతోంది. సిస్టమ్ నడుస్తుండగా అతుకుల దగ్గర టిష్యూ పట్టుకుంటే అది ఊగడమో, అతుక్కోవడమో కనిపిస్తుంది.

తేమ. మీటర్‌ను కొన్ని రోజులు ఇంట్లో రెండు మూడు చోట్ల ఉంచండి. 30 నుంచి 50 శాతం మధ్య ఉంటే మంచిది. 60 దాటి ఉంటోందంటే బూజుకు మీ ఇల్లు అనువుగా ఉన్నట్టే.

నల్లగా కనిపించిందల్లా బూజు కాదు. మసి కావచ్చు, జిడ్డు మీద అంటిన దుమ్ము కావచ్చు. పారదర్శకమైన టేపు ముక్కను ఆ మచ్చకు అంటించి తీసి ల్యాబుకు పంపితే సుమారు 50 డాలర్లకు తేల్చి చెప్పే ల్యాబులు ఉన్నాయని ఈపీఏ అంటుంది. వేల డాలర్ల మోల్డ్ పనికి సంతకం పెట్టేముందు ఈ 50 ఖర్చుపెట్టడం తెలివైన పని.

మన ఇళ్లలో వంటింటిని ప్రత్యేకంగా చూడాలి. పొయ్యి మీద ఉండే మైక్రోవేవ్ ఫ్యాన్ పొగను బయటికి పంపుతోందా, చిన్న జల్లెడలోంచి తిప్పి మళ్లీ మీ మొహం మీదికే వదులుతోందా? అది వేసి, ఇంటి బయట గోడ మీదో కప్పు మీదో దాని మూత దగ్గర గాలి వస్తోందేమో చూస్తే తెలుస్తుంది. తిప్పి వదిలే రకమైతే ఎండుమిర్చి తాలింపు ఘాటు, నూనె ఆవిరి నేరుగా రిటర్న్‌లోకి వెళ్తాయి. ఆ జిడ్డు ఫ్యాన్ రెక్కలకూ కాయిల్‌కూ పట్టుకుంటుంది, దాని మీద దుమ్ము అతుక్కుంటుంది. పొడి బ్రష్‌తో అది పోదు. ఈ సంగతి కంపెనీకి ముందే చెప్పాలి, ఎందుకంటే కాయిల్ కడగడం వేరే పని, దాని కోట్ కూడా వేరుగా ఉండొచ్చు.

## 3. క్లీనింగ్‌కు ముందే బాగుచేయాల్సినవి

ఇవి వదిలేసి డక్టులు శుభ్రం చేయిస్తే కొన్ని నెలల్లో మళ్లీ మొదటికి వస్తారు.

తడి. డ్రెయిన్ పైపు మూసుకుపోతే ముందు అది తెరిపించండి. డ్రెయిన్ పాన్ వాలు సరిగా లేక నీళ్లు నిలుస్తుంటే సరిచేయించండి. కప్పు లీకు, బాత్రూమ్ ఫ్యాన్ గొట్టం బయటికి కాకుండా అటిక్‌లోకి వదిలేసి ఉండటం లాంటివి కూడా ఇందులోకే వస్తాయి. ఏది తడిసినా 24 నుంచి 48 గంటల్లో ఆరకపోతే బూజు మొదలవుతుంది. తడి ఆగకుండా ఎంత ఖరీదైన మందు కొట్టించినా బూజు తిరిగి వస్తుంది.

ఊడిన అతుకులు. మామూలు ఇంట్లో డక్టుల్లో తిరిగే గాలిలో 20 నుంచి 30 శాతం లీకుల వల్ల పోతుందని ఎనర్జీ స్టార్ (అమెరికా ప్రభుత్వ ఇంధన పొదుపు కార్యక్రమం) లెక్క. లీకు రిటర్న్ వైపు ఉంటే ఇంకా ఇబ్బంది. అటిక్‌లోని దుమ్ము, ఇన్సులేషన్ పీచు దాంట్లోంచే ఇంట్లోకి వస్తాయి. పూర్తిగా ఊడిపోయినవాటిని క్లీనింగ్‌కు ముందే బిగించాలి. లేకపోతే వాళ్ల వ్యాక్యూమ్ అటిక్ చెత్తను డక్టులోకి లాగుతుంది. చిన్న సందులు తర్వాత పూడ్చుకోవచ్చు. వాటికి మాస్టిక్ (అతుకులకు పూసే చిక్కటి పూత) గానీ, డక్టుల కోసమే చేసిన రేకు టేపు గానీ వాడాలి. దుకాణంలో ‘డక్ట్ టేప్’ అని దొరికే గుడ్డ టేపు వేడికి ఊడిపోతుంది.

ఎలుకలు. దూరే కన్నాలు మూయించి, అవి పోయాయని నమ్మకం కుదిరాకే క్లీనింగ్.

ఫిల్టర్. పక్కసందులుంటే ఇప్పుడే పూడ్చండి. కొత్త ఫిల్టర్ మాత్రం క్లీనింగ్ అయ్యాక వేయండి.

## 4. మీ డక్టులు ఏ రకం?

కంపెనీ అడిగే మొదటి ప్రశ్న ఇదే కావాలి. వాళ్లు అడగకపోతే మీరే చెప్పి, ఎలా శుభ్రం చేస్తారో వినండి.

రేకు డక్టులైతే బ్రష్, గాలి కొరడాలు (గాలి ఒత్తిడికి ఊగి దుమ్మును కదిలించే గొట్టాలు) రెండూ తట్టుకుంటాయి. శుభ్రం చేయడం వీటికే తేలిక.

ఫ్లెక్స్ డక్టులు, అంటే తీగచుట్ట మీద పలచని ప్లాస్టిక్ పొర ఉండే గొట్టాలు, టెక్సస్ అటిక్‌లలో ఎక్కువ. గట్టి తిరుగుడు బ్రష్ వీటిని చింపేస్తుంది. పాతబడి, నలిగి, లోపల బాగా మురికి పట్టిన ఫ్లెక్స్ ముక్కను శుభ్రం చేయించడం కంటే మార్పించడమే మేలు. రెండింటికీ కోట్ తీసుకుని పోల్చండి.

ఫైబర్‌గ్లాస్ బోర్డుతో చేసినవి, లోపల ఫైబర్‌గ్లాస్ పొర ఉన్నవి అన్నిటికన్నా సున్నితం. మెత్తటి బ్రష్ మాత్రమే వాడాలి. ఇవి తడిసినా, బూజు పట్టినా శుభ్రం చేయడం కుదరదు. ఆ భాగం తీసి కొత్తది వేయాలి. దాని మీద మందు కొడతామనేవాళ్లను పిలవకండి.

1980కి ముందు కట్టిన ఇల్లయితే డక్టుల పైచుట్టలో, అతుకుల టేపులో ఆస్‌బెస్టాస్ (పీల్చితే ఊపిరితిత్తులకు హాని చేసే పీచు) ఉండొచ్చు. మీరు ముట్టుకోకండి, ఎవరినీ ముట్టుకోనివ్వకండి. ముందు పరీక్ష చేయించాలి.

## 5. కంపెనీని ఎంచుకోవడం

ధర దగ్గర మొదలుపెడదాం. ఒక్కో సిస్టమ్‌కు 450 నుంచి 1,000 డాలర్ల దాకా అవుతుందని ఈపీఏ చెబుతుంది. రెండంతస్తుల ఇళ్లలో పైన ఒకటి, కింద ఒకటి రెండు సిస్టమ్‌లు ఉండటం మామూలే కాబట్టి “మొత్తం ఇంటికి” అన్న మాటకు అర్థమేమిటో అడగాలి. ‘ఇల్లంతా 99 డాలర్లు’ అనే కూపన్‌తో వచ్చేవాళ్లు రెండు రకాలుగా పని చేస్తారు. జాలీల దగ్గర కాసేపు వ్యాక్యూమ్ పట్టి వెళ్లిపోతారు, లేదా లోపలికి వచ్చాక “బ్లాక్ మోల్డ్ ఉంది” అని టెన్షన్ పెట్టి బిల్లును పదింతలు చేస్తారు.

ఈ రంగంలో ప్రమాణాలు పెట్టే సంఘం నాడ్కా. దాని సభ్య కంపెనీలో ఏఎస్‌సీఎస్ (డక్టుల వ్యవస్థ శుభ్రం చేసే నిపుణులకు ఇచ్చే) సర్టిఫికెట్ ఉన్నవాళ్లు కనీసం ఒకరుండాలి. వ్యాను మీద లోగో చూసి నమ్మకండి, నాడ్కా వెబ్‌సైటులో కంపెనీ పేరు వెతికి చూడండి. టెక్సస్, కాలిఫోర్నియా, ఫ్లోరిడా, జార్జియా, మిషిగన్, అరిజోనా, ఆర్కన్సా రాష్ట్రాల్లో ఈ పనికి లైసెన్సు నిబంధనలు ఉన్నాయని ఈపీఏ జాబితా ఇస్తుంది. లైసెన్సు నంబరు అడిగి రాష్ట్ర వెబ్‌సైటులో సరిచూసుకోండి.

టెక్సస్‌లో ఉన్నవాళ్లు ఒక నియమం గుర్తుంచుకోవాలి. బూజు ఒకేచోట 25 చదరపు అడుగులు లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే లైసెన్సున్న మోల్డ్ రెమిడియేషన్ కంపెనీయే తీయాలి. ఆ పనిలో పరీక్ష చేసేవాళ్లు, తీసేవాళ్లు ఒకరే కాకూడదు.

ఫోన్‌లో అడగాల్సినవి:

- ఏయే భాగాలు శుభ్రం చేస్తారు? సప్లై, రిటర్న్ డక్టులు, జాలీలు, కాయిల్, డ్రెయిన్ పాన్, ఫ్యాన్, దాని పెట్టె, యూనిట్ లోపలి గోడలు అన్నీ కోట్‌లో ఉన్నాయా?
- దుమ్ము లాగే యంత్రం బయట ట్రక్కులో ఉంటుందా, ఇంట్లో పెడతారా? ఇంట్లో పెడితే హెపా ఫిల్టర్ (అతి సన్నని దుమ్మునూ ఆపే ఫిల్టర్) ఉందా?
- మా డక్టుల రకానికి ఏ బ్రష్ వాడతారు?
- పనికి ముందు, తర్వాత లోపలి వీడియో ఇస్తారా?
- శానిటైజర్ కోట్‌లో కలిపారా? వద్దంటే ఎంత తగ్గుతుంది?
- ఇన్సూరెన్స్ ఉందా?

ఐదో ప్రశ్నకు వచ్చే జవాబు చాలా చెబుతుంది. “ముందు లోపల చూసి, అవసరమైతే చెబుతాం” అనేవాళ్లు నాకు నచ్చుతారు. “అది లేకుండా చేయం” అనేవాళ్లు మందు అమ్ముకోవడానికే వస్తున్నారు.

కనీసం రెండు మూడు కోట్‌లు, ఇల్లు చూశాక ఇచ్చినవి, రాతలో తీసుకోండి.

## 6. ముందురోజు సిద్ధం చేసుకోవాల్సినవి

- ప్రతి జాలీ దగ్గరా నిచ్చెన పట్టేంత చోటు ఖాళీ చేయండి. మంచం మీద పక్కలు మడిచి పెట్టండి.
- దేవుడి మందిరం పైన వెంట్ ఉంటే పటాలు, విగ్రహాలు తీసి వేరే గదిలో పెట్టండి.
- వంటింట్లో మూతల్లేని డబ్బాలేవీ బయట ఉంచకండి.
- అటిక్ మెట్ల దారి, యూనిట్ ఉన్న గది ఖాళీ చేయండి.
- పెంపుడు జంతువులను, ఆస్తమా ఉన్నవాళ్లను, చంటిపిల్లలను ఆ రోజు వేరే ఇంటికి పంపే ఏర్పాటు చూడండి. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తుంటే వాళ్లు దిగడానికి కనీసం వారం ముందే పని ముగించండి.
- పొగ అలారానికి మానిటరింగ్ ఉంటే ఆ కంపెనీకి చెప్పండి. దుమ్ముకు మోగితే ఫైరింజన్ వచ్చేస్తుంది.
- గాలి మళ్లించే డ్యాంపర్ల పిడులు ఏ స్థితిలో ఉన్నాయో ఫొటో తీయండి.

## 7. ఆ రోజు పని నడవాల్సిన వరుస

ఇంట్లో ఎవరో ఒకరు ఉండి చూడాలి. వరుస ఇలా ఉండాలి.

మొదట పరిశీలన. కెమెరాతో లోపల చూపించాలి. వాళ్ల కెమెరా మీ జాలీలోంచి లోపలికి వెళ్లడం మీరు కళ్లారా చూడండి. ఇక్కడ ఏదైనా కొత్త సమస్య చెబితే దాన్ని మీ వీడియోతో పోల్చండి.

రక్షణ. కార్పెట్ మీద, సామాను మీద షీట్లు పరవాలి. సిస్టమ్ కరెంటు ఆపాలి.

వ్యాక్యూమ్ తగిలించడం. యూనిట్ దగ్గర ప్రధాన డక్టుకు పెద్ద గొట్టం తగిలించి మొత్తం వ్యవస్థను లోపలివైపు లాగే ఒత్తిడిలో పెట్టాలి. మిగతా జాలీలు మూసేయాలి. దీనివల్ల లోపల కదిలిన దుమ్ము గదిలోకి రాదు. ఈ ఏర్పాటు లేకుండా జాలీలోకి బ్రష్ పెట్టి తిప్పుతుంటే పని ఆపించండి. అలా చేస్తే లోపలున్న దుమ్మంతా మీ పడకల మీదికి వస్తుంది.

ఒక్కో డక్టును కదిలించడం. ఒక్కో జాలీ తెరిచి, ఆ దారి చివరి నుంచి యూనిట్ వైపు బ్రష్‌తోనో గాలితోనో దుమ్మును తోస్తూ రావాలి. సప్లై, రిటర్న్ రెండూ చేయాలి. రిటర్న్‌లోనే దుమ్ము ఎక్కువ ఉంటుంది. తొందరలో ఉన్నవాళ్లు ఎగ్గొట్టేదీ అదే.

యూనిట్ లోపలి భాగాలు. ఫ్యాన్ విప్పి రెక్కలు శుభ్రం చేయాలి. కాయిల్, డ్రెయిన్ పాన్ కడగాలి. వీటిని వదిలేసి డక్టులు మాత్రమే చేస్తే ఆ మురికి మళ్లీ డక్టుల్లోకే వెళ్తుంది. ఈ భాగం చేసినప్పుడు పక్కనే ఉండండి.

కన్నాలు మూయడం. పనికోసం రేకులో కోసిన కన్నాలు గాలి దూరకుండా మూయాలి, పైన ఇన్సులేషన్ తిరిగి పెట్టాలి.

మామూలు ఇంటికి ఇది కొన్ని గంటల పని. రెండు సిస్టమ్‌లుంటే దాదాపు రోజంతా పడుతుంది. గంటలో అయిపోయిందంటే పై వాటిలో ఏవో వదిలేశారు.

## 8. శానిటైజర్: ఎప్పుడు, ఏది, ఎలా

దుమ్ము తీయకుండా మందు కొట్టడం జిడ్డు గిన్నెను తోమకుండా నీళ్లలో ముంచి తీయడం లాంటిది. మందు దుమ్ము పైపొరను తడుపుతుంది, కింద ఉన్నదాన్ని చేరదు. పైగా ఆ తడి కొత్త బూజుకు పనికొస్తుంది.

నా అభిప్రాయంలో రేకు డక్టులోనో, యూనిట్ లోపలి లోహం మీదో నిజంగా బూజు తేలినప్పుడు, లేదా ఎలుకల మలమూత్రాలు ఉన్నప్పుడు, తడి కారణం సరిచేసి, మురికి పూర్తిగా తీశాక, మందు ఆలోచించవచ్చు. ఉత్త దుమ్ము మాత్రమే ఉన్న ఇంటికి అక్కర్లేదు. ఈపీఏ కూడా రసాయనాలను అలవాటుగా వాడమని చెప్పదు.

వాడాలనుకుంటే ఇవి చూడండి:

- సూక్ష్మజీవులను చంపే ఏ మందైనా అమెరికా చట్టంలో పెస్టిసైడే. డబ్బా మీద ఈపీఏ రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఆ నంబరుతో ఈపీఏ సైటులో లేబుల్ మొత్తం చదవొచ్చు.
- రిజిస్ట్రేషన్ ఉంటే సరిపోదు. ఏసీ డక్టుల్లో వాడొచ్చని లేబుల్ మీద స్పష్టంగా రాసి ఉండాలి. టేబుళ్లు, నేల తుడిచే మందును డక్టులో కొట్టడం చట్టవిరుద్ధం.
- ఫైబర్‌గ్లాస్ బోర్డు, ఫైబర్‌గ్లాస్ పొర ఉన్న డక్టుల కోసం రిజిస్టరైన మందులు లేవని ఈపీఏ హెచ్చరిస్తుంది.
- మందు ప్రమాదాలు, జాగ్రత్తలు రాసి ఉండే సేఫ్టీ డేటా షీట్ ముందురోజే అడిగి తీసుకోండి. ఇంట్లో ఆస్తమా, గర్భిణి, పసిపిల్లలు ఉంటే దాన్ని డాక్టరుకు చూపించండి.
- మందు కొట్టాక ఎంతసేపు బయట ఉండాలో, ఎంతసేపు కిటికీలు తెరవాలో లేబుల్‌లో ఉంటుంది. అంతవరకూ ఎవరూ ఇంట్లోకి రావద్దు.

‘నేచురల్’ అనే మాటకు ప్రత్యేక విలువ ఇవ్వకండి. మన వాములో ఉండే థైమాల్‌తో చేసిన మందులూ ఉన్నాయి. వాము తిన్నంత మాత్రాన దాని ఆవిరి ఊపిరితిత్తులకు పడుతుందని కాదు.

ఓజోన్ యంత్రం తెస్తామంటే ఒప్పుకోకండి. ఓజోన్ ఊపిరితిత్తులకు హాని చేసే వాయువు. డక్టుల లోపల ‘సీలెంట్’ అనే పూత పూస్తామన్నా జాగ్రత్త. తడిసిన పొర మీద, పెరుగుతున్న బూజు మీద, మురికి మీద దాన్ని పూయకూడదు.

## 9. చెక్కు ఇచ్చేముందు

- పనికి ముందు ఏ జాలీల్లో వీడియో తీశారో అవే జాలీల్లో మళ్లీ తీయండి. రేకు డక్టులో దుమ్ము కనిపించకూడదు.
- రిటర్న్‌లోపల చేయిపెట్టి తుడిచి చూడండి.
- ఫ్యాన్ రెక్కల మీద వేలు రాసి చూడండి. జిడ్డు అంటకూడదు.
- కాయిల్ ఒకవైపు టార్చి వేస్తే రెండోవైపు వెలుతురు కనిపించాలి.
- డ్రెయిన్ పాన్‌లో ఒక గ్లాసు నీళ్లు పోయించండి. నిలవకుండా పోవాలి.
- కోసిన కన్నాలన్నీ మూసినట్టు ఒక్కొక్కటే చూపించమనండి.
- కొత్త ఫిల్టర్ పెట్టి సిస్టమ్ వేయండి. ప్రతి గదిలో గాలి ముందులాగే వస్తోందా?
- గ్యాస్ ఫర్నేస్ అయితే చలికాలం కాకపోయినా ఒకసారి వేసి చూపించమనండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం పనిచేస్తోందో మీరే నొక్కి చూడండి.
- మందు కొట్టివుంటే దాని పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, ఎక్కడ కొట్టారో బిల్లు మీద రాయించుకోండి.

## 10. తర్వాత వచ్చే ఇబ్బందులు, పరిష్కారాలు

ఒకటి రెండు రోజులు దుమ్ము రాలితే. కొద్దిగా రావచ్చు. ఫ్యాన్‌ను ‘ఆన్’లో ఉంచి, కొన్ని రోజుల తర్వాత ఫిల్టర్ మార్చండి. వారం దాటినా వస్తుంటే కంపెనీని పిలవండి, రిటర్న్ లీకు కూడా చూపించండి.

ఒక గదిలో గాలి తగ్గింది. ఫ్లెక్స్ గొట్టం నలిగిందో, అతుకు ఊడిందో, డ్యాంపర్ తిరిగిందో అయివుంటుంది. ముందురోజు తీసిన ఫొటోతో డ్యాంపర్ పోల్చండి, తర్వాత అటిక్‌లో ఆ గది గొట్టం చూడండి.

ముక్కిన వాసన పోలేదు. మళ్లీ మందు కొట్టించకండి. కాయిల్, డ్రెయిన్ పాన్, తడిసిన ఫైబర్‌గ్లాస్ వరుసగా చూడాలి. అవి బాగుంటే వాసన డక్టులది కాకపోవచ్చు. కార్పెట్, బాత్రూమ్ గోడ, ఇంటి కింద ఖాళీ చోటు వెతకండి.

రసాయనపు ఘాటు, కళ్లమంట. సిస్టమ్ ఆపి, కిటికీలన్నీ తెరిచి, అందరూ బయటికి రండి. ఊపిరి ఇబ్బందిగా ఉంటే ఆలస్యం చేయకుండా వైద్యసహాయం తీసుకోండి, మందు పేరున్న బిల్లు వెంట తీసుకెళ్లండి.

యూనిట్ దగ్గర నీళ్లు. కడిగినప్పుడు కదిలిన చెత్త డ్రెయిన్‌లో అడ్డుపడి ఉంటుంది. సిస్టమ్ ఆపి అదేరోజు పిలవండి.

## 11. ఆ తర్వాతి నెలలు

ఫిల్టర్ విషయంలో ఈపీఏ సూచన మెర్వ్ 13 (మెర్వ్ అంటే ఫిల్టర్ ఎంత సన్నని దుమ్మును ఆపుతుందో చెప్పే కొలమానం), లేదా మీ సిస్టమ్ తట్టుకునే వాటిలో ఎక్కువది. ‘తట్టుకునే’ అన్నమాట ముఖ్యం. ఒక అంగుళం మందమున్న మెర్వ్ 13 ఫిల్టర్ కొన్ని పాత సిస్టమ్‌లలో గాలిని బాగా అడ్డుకుంటుంది. కాయిల్ మీద మంచు కట్టొచ్చు. టెక్నీషియన్‌తో ఒత్తిడి కొలిపించి నిర్ణయించుకోండి, వీలైతే నాలుగైదు అంగుళాల ఫిల్టర్ పట్టే పెట్టె పెట్టించుకోండి. ఒక అంగుళం ఫిల్టర్‌ను ఒకటి నుంచి మూడు నెలల్లో మార్చాలి. రోజూ తాలింపులు, వేపుళ్లు ఉండే ఇంట్లో నెలనెలా తీసి చూడండి. వేసిన తేదీ ఫిల్టర్ అంచు మీదే రాయండి.

తాలింపు వేసేటప్పుడు బయటికి పంపే చిమ్నీ వేయండి, పొయ్యి వెనకవైపు బర్నర్ వాడండి. చిమ్నీ లేకపోతే కిటికీ తెరవండి. బయట కార్చిచ్చు పొగ ఉన్నరోజు వేపుళ్లు మానేయడమే మంచిది. అగరొత్తులు, సాంబ్రాణి వెలిగించే గదికి కిటికీ తెరిచి ఉంచండి. గృహప్రవేశానికో, వ్రతానికో హోమం పెట్టుకుంటే అది మొదలుకాకముందే థర్మోస్టాట్‌లో ఏసీ, ఫ్యాన్ రెండూ ఆపేయండి. పొగ పూర్తిగా బయటికి పోయాకే తిరిగి వేయండి. కొత్త డక్టుల్లోకి మొదటిరోజే మసి పంపడం ఎందుకు?

తేమ మీటర్‌ను తీసేయకండి. హ్యూస్టన్ లాంటి చోట్ల ఏసీ నడుస్తున్నా 60 దాటుతుంటే యూనిట్ సైజు, ఫ్యాన్ సెట్టింగ్ చూపించాలి, అవసరమైతే డీహ్యూమిడిఫయర్ పెట్టించాలి. థర్మోస్టాట్‌లో ఫ్యాన్ ఎప్పుడూ ‘ఆన్’లో ఉంటే కాయిల్ మీది తడి మళ్లీ ఇంట్లోకి వస్తుంది. అలాంటి ఊళ్లలో ‘ఆటో’లో ఉంచండి.

ఏడాదికోసారి ఏసీ సర్వీసు చేయించినప్పుడు కాయిల్, డ్రెయిన్ చూపించండి. డక్టులను మీరే టార్చితో చూడండి. మొదట చెప్పిన కారణాల్లో ఏదీ కనిపించకపోతే మళ్లీ క్లీనింగ్ అక్కర్లేదు.

బట్టల డ్రైయర్ గొట్టం సంగతి మాత్రం వేరు. అది ఏసీ డక్టులతో కలవదు. అందులో పేరుకున్న నూగు వల్ల ఇళ్లు కాలిపోతున్నాయి కాబట్టి దాన్ని ఏటా తప్పకుండా శుభ్రం చేయించండి. డక్టుల కోసం వచ్చినవాళ్లతోనే చేయిస్తే కోట్‌లో దాని ధర విడిగా రాయించుకోండి.